నుయ్యి తవ్వడానికి పద్దు ఉంది, చూడ్డానికే లేదు



ఆషాఢం దిగిందంటే మన కొండ ఊళ్లలో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఊరికి మెడికల్ క్యాంపు వస్తుంది, గ్లూకోజ్ సీసాలు వేలాడతాయి, నూతిలో బ్లీచింగ్ పౌడరు పోస్తారు. పది రోజులకు క్యాంపు ఎత్తేస్తారు. నుయ్యి అక్కడే ఉంటుంది. మళ్లీ ఆ నూతి గట్టు మీదకి ఎవరూ తొంగి చూడరు, వచ్చే ఆషాఢం దాకా.

పోయిన దసరా సెలవులకి ఊరెళ్లినప్పుడు మాలో కొందరం సీతంపేట పైనున్న ఒక గూడలో నూతి నీళ్లు చిన్న సీసాలో పట్టి చూశాం. హెచ్‌టూఎస్ సీసా అంటారు దాన్ని. నీళ్లు పోసి మూత పెట్టి ఉంచితే, మలం కలిసిన నీరైతే ఒకట్రెండు రోజుల్లో నల్లబడుతుంది. మాది తెల్లారేసరికే నల్లబడింది. ఇంకో సీసా నింపుకుని కొండ దిగి, ఆటో ఎక్కి, బస్సు మారి ల్యాబ్‌కి చేరేసరికి సాయంత్రమైపోయింది, తాళం వేసేశారు. ఇలాంటి నమూనాని చల్లగా ఉంచి ఆ రోజే పరీక్ష చెయ్యాలి, మర్నాటికి పనికిరాదు. సీసా పారబోసి తిరిగొచ్చాం.

గూడలో ఒక ముసలమ్మ అడిగింది: "నుయ్యి తవ్వినోడే సూసుకోవాల గదా నాయనా? తవ్వినోడేడి?"

ఆ ప్రశ్న పట్టుకునే ఈ పోస్టు రాస్తున్నాం. నుయ్యి తవ్వడానికి డబ్బు ఎక్కణ్నించి వచ్చిందో మనందరికీ కొంత తెలుసు. తవ్వాక ఏటేటా చూడ్డానికి, నీళ్లు పరీక్షించడానికి, ఎక్కడ తవ్వొచ్చో ఎక్కడ తవ్వకూడదో అదుపు చెయ్యడానికి డబ్బు ఎవరు పెట్టాలి? ఎప్పుడు పెట్టారు? ఏ పద్దులోంచి? ఇది కూడా మన చరిత్రే. పోరాటాల చరిత్ర చదివినట్టే ఈ పద్దుల చరిత్ర కూడా చదవాలి.

ముందుగా మద్రాసు కాలం చూద్దాం.

మన కొండల్ని మైదానం నుంచి వేరు చేసింది 1839 నాటి చట్టం. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లోని కొండ ప్రాంతాల్ని మామూలు చట్టాలూ కోర్టుల కిందినుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టారు. ఆయన్నే 'ఏజెంటు' అన్నారు. 'ఏజెన్సీ' అనే మాట అలా వచ్చింది. మైదానంలో మాత్రం తర్వాత స్థానిక బోర్డులు పెట్టి, భూమి శిస్తు మీద సెస్సు వేసి, ఆ సొమ్ముతో రోడ్లు, బడులు, నూతులు చూసుకునే పద్ధతి తెచ్చారు.

1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. మన దేశంలో అలాంటి చట్టాల్లో మొదటిది అని దానికి పేరు. ఆంధ్ర ప్రాంతానికి అదే చట్టం తర్వాత కూడా కొనసాగింది. తాగునీటి బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. దానికి డబ్బు సంగతి కూడా రాసింది: ప్రభుత్వ గ్రాంట్లు పోగా మిగిలిన సొంత ఆదాయంలో మున్సిపాలిటీలు కనీసం 30 శాతం, జిల్లా బోర్డులు కనీసం పన్నెండున్నర శాతం ప్రజారోగ్యానికి కేటాయించాలి.

చదివితే మంచి రూలే అనిపిస్తుంది. కానీ ఒకసారి లెక్క వేసి చూడండి. శాతం దేని మీద? సొంత ఆదాయం మీద. సంత, దుకాణాలు, మేడలు ఉన్న పట్నానికి ఆదాయం ఉంటుంది. పోడు తప్ప ఇంకేం లేని గూడకి ఆదాయం ఎక్కడిది? సున్నాలో పన్నెండున్నర శాతం సున్నాయే. ఎవరికి జబ్బు ఎక్కువో వాళ్లకి డబ్బు తక్కువ అనే లెక్క అక్కడే మొదలైంది. ఆ తర్వాత రూళ్లు మారాయి, పేర్లు మారాయి, ఈ లెక్క మాత్రం మారలేదు. పోస్టంతా చదివాక మీకే అర్థమవుతుంది.

అప్పట్లో మనవాళ్లు ఏ నీళ్లు తాగేవారు? కొండ ఊట, గెడ్డ పక్కన ఇసకలో తీసిన చెలమ. చెలమ చుట్టూ ముళ్లకంప వేసి పశువుల్ని రానిచ్చేవారు కాదు, వానలయ్యాక ఊరంతా కలిసి పూడిక తీసేవారు. అంటే తనిఖీ, మరమ్మతు రెండూ ఊరి చేతిలోనే ఉండేవి. జబ్బులు లేవని మేము అనటం లేదు, ఉండేవి. కానీ నీళ్లు ఎవరి బాధ్యత అంటే జవాబు ఉండేది.

1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. కొండ ఊళ్లకి ప్రభుత్వం చెయ్యి గట్టిగా చాచింది మాత్రం 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కాల్పులు జరిగి, పోరాటం కొండలంతా అంటుకున్న తర్వాతే. 1971–72లో కేంద్రం దేశంలో కొన్ని చోట్ల గిరిజన అభివృద్ధి సంస్థలు ప్రయోగంగా పెట్టింది, అందులో శ్రీకాకుళం ఒకటి. ఐదో ప్రణాళికలో (1974–79) గిరిజన ఉపప్రణాళిక, ఐటీడీఏలు వచ్చాయి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా విడిపోయింది. పార్వతీపురం ఐటీడీఏ అటూ, సీతంపేట ఐటీడీఏ ఇటూ అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చాక రెండూ మళ్లీ ఒకే జిల్లాలోకి చేరాయి.

ఆ కాలంలోనే నీటికి రెండు కొత్త దారులు తెరుచుకున్నాయి. 1971లో రాష్ట్రంలో భూగర్భ జల శాఖ ఏర్పడింది. 1972–73లో కేంద్రం గ్రామీణ నీటి సరఫరా వేగవంతం చెయ్యడానికి రాష్ట్రాలకి పూర్తి గ్రాంటు ఇవ్వడం మొదలెట్టింది. చేతి పంపులు, మనం బోరింగులు అనేవి, ఊరూరా నాటారు. 1988–89లో పది లక్షల బావుల పథకం వచ్చింది, జీవనధార అంటే మన పెద్దలకి గుర్తుంటుంది. దళిత, గిరిజన పేద రైతుల పొలాల్లో ఉచితంగా సాగు బావులు. 1989లో జవహర్ రోజ్‌గార్ యోజన మొదలయ్యాక ఆ నిధుల్లో 20 శాతం దీనికి కేటాయించారు, 1993–94 నుంచి 30 శాతం చేశారు. 1996లో వేరే పథకంగా విడదీశారు, 1999లో ఇంకో పథకంలో కలిపేశారు.

ఈ పథకాల్లో 'లక్ష్యం' అంటే ఎన్ని బావులు తవ్వారు అనే లెక్క. ఎన్ని బావుల్ని పదేళ్ల తర్వాత వెళ్లి చూశారు అనే లెక్క ఎక్కడా ప్రధానం కాలేదు. 2011లో ఇందిర జలప్రభ, 2020 సెప్టెంబరు 28న మొదలైన వైఎస్సార్ జలకళ కూడా అదే వరస. జలకళకి 2,340 కోట్లు, 2 లక్షల బోర్లు అని ప్రకటించారు. తవ్వే ముందు నీరు పడుతుందా లేదా చూసే సర్వేకి పథకంలోనే చోటు ఉండేది, అది మంచిదే. తవ్విన తర్వాతి సంవత్సరాల సంగతే మిగిలిపోయింది. తవ్వితే శిలాఫలకం ఉంటుంది, ఫొటో ఉంటుంది. చూడ్డానికి శిలాఫలకం ఎవరు వేస్తారు?

ఇక అదుపు సంగతి. మన రాజ్యాంగం ప్రకారం నీరు రాష్ట్రాల జాబితాలోది. నూతుల మీద చట్టం చెయ్యాల్సింది రాష్ట్రమే. కేంద్రం 1970 నుంచి నమూనా బిల్లులు రాసి రాష్ట్రాలకి పంపుతూనే ఉంది. మన రాష్ట్రం తాగునీటి భూగర్భజలాల కోసం 1996లో ఒక చట్టం చేసింది, 2002లో దాని స్థానంలో ఇంకా పెద్దది తెచ్చింది. అదే వాల్టా, నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం. దాని ప్రకారం నూతులు, బోర్లు నమోదు చెయ్యాలి. బోరు వేసే రిగ్గులు కూడా నమోదు కావాలి. ప్రజలు తాగే నీటి వనరుకి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వెయ్యకూడదు. జిల్లాలో కలెక్టరు, మండలంలో తహసీల్దారు దీన్ని అమలు చెయ్యాలి.

మరి అమలుకి డబ్బు? రెండు వైపులనుంచి. ఒకటి, అనుమతికీ నమోదుకీ కట్టే రుసుములు. రెండు, అప్పటికే జీతం తీసుకుంటున్న అధికారుల పని గంటలు. అంటే కొత్తగా నూతుల ఇన్‌స్పెక్టరు అనే మనిషి లేడు. భూముల గొడవలు, సర్టిఫికెట్లు, ఎన్నికలు, రేషను చూసే తహసీల్దారు నెత్తి మీదే ఇదీ పడింది.

రుసుముతో నడిపే పద్ధతి చెడ్డదని మేము అనడం లేదు. అమెరికాలో మినసోటా రాష్ట్రంలో కొత్త నుయ్యి తవ్వే ముందు రాష్ట్ర ఆరోగ్య శాఖకి తెలియజేసి రుసుము కట్టాలి, బావుల తనిఖీ కార్యక్రమానికి ఆ రుసుములు పెద్ద ఆధారం. తవ్వేవాడి దగ్గర తీసుకుని చూసేవాడికి ఇస్తారు, లెక్క నేరుగా ఉంటుంది. అయితే అది కొత్త బోర్లు బాగా పడేచోట నడుస్తుంది. మన కొండ మీద రిగ్గు లారీ ఎక్కదు. ప్రైవేటు బోరు వేసేవాడు లేడు, రుసుము కట్టేవాడు లేడు. 1939లో సొంత ఆదాయంలో శాతం, 2002లో రుసుము. రెండు చోట్లా ఏజెన్సీ లెక్క సున్నాయే.

ఇదే కాలంలో నూతుల్ని కొలిచే పని కొంత విదేశీ సొమ్ముతో నడిచింది. 1995లో మొదలైన ప్రపంచ బ్యాంకు హైడ్రాలజీ ప్రాజెక్టులో మన రాష్ట్రం ఉంది. నీటి మట్టం కొలిచే ప్రత్యేక బోర్లు వేశారు, పీజోమీటర్లు అంటారు వాటిని. ఇవాళ వాటికి సెన్సర్లు కూడా ఉన్నాయి. నెదర్లాండ్స్ సాయంతో 1995 నుంచి ఏపీవెల్, తర్వాత ఏపీఫామ్స్ అనే ప్రాజెక్టులు నడిచాయి. రైతులే తాడు పట్టుకుని తమ బోర్లలో నీటి మట్టం కొలిచి, ఊరి గోడ మీద రాసి, దాన్ని బట్టి ఏ పంట వెయ్యాలో కూర్చుని మాట్లాడుకునేవారు. చదువు పెద్దగా లేని రైతులు కూడా శాస్త్రవేత్తల పని చేసి చూపించారు. ఆ ఏడు జిల్లాలూ రాయలసీమ, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపువి. అవి కరువు జిల్లాలు కాబట్టి న్యాయమే. మన ఉత్తరాంధ్రలో వాన బాగా పడుతుంది కాబట్టి 'నీటి సమస్య లేని ప్రాంతం' అనుకున్నారు. మన సమస్య ఎంత నీరు అన్నది కాదు, ఎలాంటి నీరు అన్నది. మట్టం కొలిచే యంత్రం మలాన్ని పట్టుకోదు.

నీళ్లు ఎలాంటివో చూడ్డానికి అసలైన పద్దు 2006 ఫిబ్రవరిలో వచ్చింది. గ్రామీణ తాగునీటి నాణ్యత పరిశీలన కార్యక్రమం అని కేంద్రం పెట్టింది. ఊళ్లకి టెస్ట్ కిట్లు, పంచాయతీకి ఐదుగురికి శిక్షణ. తర్వాత జాతీయ గ్రామీణ తాగునీటి కార్యక్రమం కిందికి తెచ్చి, నిధుల్లో 3 శాతం దీనికి అన్నారు. 2019లో జల్ జీవన్ మిషన్ వచ్చాక అది 2 శాతం అయింది. మన రాష్ట్రంలో కేంద్రం సగం, రాష్ట్రం సగం. రాష్ట్రం తన వాటా వెయ్యకపోతే కేంద్రం వాటా కూడా ఆగుతుంది. ఆగితే పైపులతో పాటు ఆ 2 శాతమూ ఆగుతుంది. మళ్లీ శాతమే చూడండి. పైపులకి ఖర్చు జరిగితేనే పరీక్షకి సొమ్ము. పైపు చేరని గూడలోనే నుయ్యి తాగుతారు, పరీక్ష ఎక్కువ కావాల్సింది అక్కడే.

రూలు మాత్రం బాగానే ఉంది. ప్రతి తాగునీటి వనరుకీ ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, రెండుసార్లు క్రిముల పరీక్ష, వానలకి ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఊళ్లో ఐదుగురు మహిళలకి కిట్ వాడటం నేర్పాలి. ఇది మీ ఊళ్లో జరిగిందా? కామెంట్లలో కాదు, ముందు ఊళ్లో అడగండి.

మూడో జేబు పంచాయతీది. 15వ ఆర్థిక సంఘం 2021–26కి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని కట్టడి చేసింది, అందులో సగం నీటికి. అంటే పంచాయతీకి 5 లక్షలు వస్తే లక్షన్నర నీటికి. కానీ ఈ సొమ్ము ప్రధానంగా జనాభా లెక్కన వస్తుంది. మైదానంలో మూడు వేల మంది ఒకే చోట ఉంటారు, రెండు మూడు నూతులు చూస్తే అయిపోతుంది. మన పంచాయతీలో వెయ్యి మంది పది పన్నెండు గూడలుగా కొండంతా పరుచుకుని ఉంటారు. తల లెక్కన వచ్చే డబ్బు నడక లెక్కన సరిపోదు.

ఇక్కడ ఇద్దరి అనుభవం పక్కపక్కన పెట్టి చూడాలి. శ్రీకాకుళం జిల్లాలోనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస. కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి మనుషులు పోయారు. అక్కడ నూతుల నీళ్లు ఎంతమంది పరీక్షించారో లెక్కలేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అయినా జనం అరిచారు, పత్రికలు రాశాయి, నాయకులు వచ్చారు. చివరికి 700 కోట్లతో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చే పథకం కట్టారు, 2023 డిసెంబరులో ప్రారంభించారు, పలాసలో కిడ్నీ పరిశోధన ఆసుపత్రి కూడా. ఆ ప్రజల బాధకి అది న్యాయమే. మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది: అక్కడ నీళ్ల పరీక్షల కాగితాలు పోగుపడ్డాయి, ఆ కాగితాల మీద నిలబడి అడిగారు. మన దగ్గర కాగితమే లేదు. పరీక్ష చెయ్యని నూతికి జబ్బు ఉన్నట్టు రికార్డులో ఉండదు. రికార్డులో లేని జబ్బుకి బడ్జెట్ రాదు. తనిఖీకి డబ్బు లేకపోవడం వల్ల జరిగే అసలు నష్టం ఇదే.

డబ్బు చెప్పకుండా ఆజ్ఞ ఇస్తే ఏమవుతుందో కూడా చూశాం. పిల్లలు బోరు గుంతల్లో పడిపోతుంటే 2010లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. బోరు వేసే 15 రోజుల ముందు తెలియజేయాలి, కంచె కట్టాలి, బోర్డు పెట్టాలి, వదిలేసిన బోరుని పూడ్చాలి. అన్నీ సరైనవే. ఊరూరా తిరిగి చూసే మనిషికి జీతం ఎవరిస్తారన్నది మాత్రం రాష్ట్రాలకే వదిలేసింది. ఆ తర్వాత కూడా మూత లేని బోర్ల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

నిజానికి ఇది పెద్ద ఖర్చేం కాదు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు నీళ్లున్న నూతిలో సుమారు 9,400 లీటర్లు ఉంటాయి. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చొప్పున 24 గ్రాములు చాలు. బకెట్లో కలిపి, సున్నం అడుగున ఆగాక, పై తేట నీరు నూతిలో దించి గంట ఆగాలి. పౌడరు ఖర్చు టీ ఖర్చంత. ఖర్చంతా మనిషిది, అతని నడకది. హెచ్‌టూఎస్ సీసా పరీక్ష కూడా 1982లో గ్వాలియర్‌లో మన శాస్త్రవేత్తలు కనిపెట్టిందే, ల్యాబ్ లేని ఊళ్ల కోసమే.

కాబట్టి మనం అడగాల్సింది స్పష్టంగా ఉండాలి.

ఒకటి, ఏజెన్సీలో నీటి పరీక్షకి శాతం లెక్క కాదు, వనరు లెక్కన డబ్బు కావాలి. ప్రతి నుయ్యికీ, ప్రతి బోరింగుకీ, ప్రతి ఊటకీ ఏడాదికి ఇంత అని. 2013లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం ఉంది. ఆ నిధుల్లో దీనికి ఒక పద్దు తెరవమని ఐటీడీఏని అడగొచ్చు.

రెండు, కిట్ నేర్చుకున్న మహిళలకి నడక కూలి కావాలి. ఉచిత సేవ అంటే రెండో ఏడాదికి ఆగిపోతుంది.

మూడు, 1996 పెసా చట్టం చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీల చేతిలో పెట్టింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ పెట్టినప్పుడు నూతుల జాబితా చదవమని అడుగుదాం. చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఫలితం ఏమిటి, ఎవరు చేశారు. జాబితా లేకపోతే మనమే రాసిద్దాం. షెడ్యూలులో చేర్చని గిరిజన ఊళ్ల తమ్ముళ్లు కూడా పంచాయతీ ప్రణాళికలో ఇదే పని పెట్టించండి.

ఈ సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ఒక నోటు పుస్తకం తీసుకెళ్లండి. మీ గూడలో ఎన్ని నూతులు, ఎన్ని బోరింగులు, ఎన్ని ఊటలు, ఏ ఏడు తవ్వారు, గట్టు ఉందా, మరుగుదొడ్డి ఎంత దూరం, పశువులు దిగుతాయా, ఎప్పుడైనా ఎవరైనా వచ్చి చూశారా. రాసి ఇక్కడ పెట్టండి. అన్నీ కలిపి ఒక రిజిస్టరు చేద్దాం, అది పట్టుకుని పార్వతీపురం, సీతంపేట వెళ్దాం.

ఆ ముసలమ్మకి ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాం. తవ్వినోడు పథకంతో పాటే వెళ్లిపోయాడు అని ఇప్పుడు తెలుసు. చూసేవాణ్ని మనమే రప్పించాలి. అప్పటిదాకా చూసేవాళ్లం కూడా మనమే కావాలి.

జోహార్. జై ఆదివాసీ.